పొలంలో నిలిపే థర్మాకోల్ గద్ద, గుడ్లగూబ బొమ్మలకు గోనెపట్ట తొడుగు వేయడం ఎలా

జొన్న పాలు పోసుకునే రోజుల్లో, మక్క కంకికి పీచు ఎండుతున్నప్పుడు, పొద్దుతిరుగుడు పువ్వు గింజ కడుతున్నప్పుడు పిట్టలు గుంపులుగా దిగుతాయి. మంచె ఎక్కి వడిసెల తిప్పే మనుషులు దొరకడం కష్టమైంది కాబట్టి చాలామంది గద్ద బొమ్మో గుడ్లగూబ బొమ్మో నిలబెడుతున్నారు. ఇంట్లో చేసుకోవడానికి థర్మాకోల్ అంత తేలికైన సరుకు ఇంకొకటి లేదు. రంగు మాత్రమే వేసి నిలబెడితే మాత్రం అది ఒక్క పంటకాలం కూడా ఆగదు. ఎండకు పైపొర పసుపుబారి పిండిలా రాలుతుంది, కాకులు పొడిచి గుంటలు చేస్తాయి, ఆ గుంటల్లో చీమలు గూడు కడతాయి, చివరికి ఒక ఈదురుగాలికి కర్ర దగ్గర పుటుక్కున విరుగుతుంది.

ఈ నాలుగింటినీ ఆపేది గోనెపట్ట తొడుగు. థర్మాకోల్ లోపల ఆకారాన్ని పట్టి ఉంచుతుంది, దెబ్బను జిగురులో నానిన గోనె కాస్తుంది, రంగు ఎండను అడ్డుకుంటుంది. అమెరికాలో వేటగాళ్లు నీళ్లమీద తేలే బాతు బొమ్మలకు ఇలాగే గోనెపట్ట, జిగురు వేస్తారు. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షులను వేటాడినా, ఉచ్చుపెట్టి పట్టినా నేరం. ఇక్కడ చెప్పే బొమ్మ పిట్టను బెదిరించి పంపడానికే. పంటా దక్కుతుంది, పిట్టా బతుకుతుంది.

కొలతలన్నీ 18 అంగుళాల ఎత్తు, 8 అంగుళాల వెడల్పు ఉన్న కూర్చున్న గుడ్లగూబకు ఇస్తున్నాం. దాని ఉపరితలం సుమారు నాలుగు చదరపు అడుగులు. రెక్కలు చాచిన గద్దకు అన్నీ రెండింతలు పైగానే పడతాయి.

ఏ థర్మాకోల్ తీసుకోవాలి

టీవీ డబ్బాల్లో వచ్చే పలుచని థర్మాకోల్‌ను వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతుంది. పూసలు విడివిడిగా కనిపిస్తే, గోటితో గీకగానే రాలితే అది పనికిరాదు. తొడుగు ఎంత గట్టిగా ఉన్నా, దాని కింద పూసలే ఊడిపోతే పట్టు ఎక్కడిది? దుకాణంలో షీట్లు కొనేటప్పుడు ఘనపు మీటరుకు 20 కిలోల సాంద్రత పైన ఉన్నది అడగండి. సాంద్రత తెలియని దుకాణమైతే రెండు షీట్లు చేతిలో పట్టుకుని బరువైనది తీసుకుంటే చాలు. ఐసులో చేపలు వచ్చే పెట్టెల థర్మాకోల్ కూడా గట్టిగానే ఉంటుంది. సబ్బుతో కడిగి, నీచు వాసన, జిడ్డు రెండూ పోయేదాకా ఆరబెట్టి వాడుకోవచ్చు.

సామాను

2 అంగుళాల మందం థర్మాకోల్ ముక్కలు నాలుగు, ఒక్కొక్కటి 18×8 అంగుళాలు. నీటికి తట్టుకునే చెక్క జిగురు అర కిలో, అంటే ఫెవికాల్ మెరైన్ రకం. మామూలు తెల్ల ఫెవికాల్ ఎండాక కూడా నీళ్లు తగిలితే మళ్లీ మెత్తబడి పాలలా అవుతుంది, ఎంత చవకగా వచ్చినా వద్దు. మైదా జిగురు అసలే వద్దు, బూజు పడుతుంది, ఎలుకలు కొరుకుతాయి.

జనపనార గోనె సంచి ఒకటి. యూరియా సంచులు, బియ్యం వచ్చే తెల్ల ప్లాస్టిక్ సంచులు పనికిరావు, ఆ దారానికి జిగురు అంటదు. ముప్పావు అంగుళం పీవీసీ పైపు 2 అడుగులు, దానికి ఒక ఎండ్ క్యాప్. 12 మిల్లీమీటర్ల ఇనుప సలాక 3 అడుగులు. చిన్న అరల్డైట్ ప్యాకెట్, ఒక ఎం-సీల్. 80, 120 నంబరు సాండ్ పేపర్లు. సామిల్లులో దొరికే సన్నని రంపపు పొట్టు ఒక గ్లాసు, పిండి జల్లెడ పట్టినది. గోడల బయటి వైపు వేసే అక్రిలిక్ ఎమల్షన్, మెరుపు లేనిది, పావు లీటరు చాలు. రంగు కలపడానికి నలుపు, గోధుమ, పసుపు స్టెయినర్లు.

గోనె గురించి రెండు జాగ్రత్తలు. మిల్లులో జనపనారను మెత్తబరచడానికి నూనె పట్టిస్తారు, అది దారంలో మిగిలి జిగురును అంటనివ్వదు. సంచిని కుట్లు విప్పి, వేడినీళ్లలో బట్టల పొడి వేసి గంటసేపు నానబెట్టి, రుద్ది, రెండుసార్లు మంచినీళ్లలో జాడించి ఎండలో బాగా ఎండనివ్వాలి. ఇక రెండోది. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల, మిర్చి పండే ఊళ్లలో దొరికే పాత సంచుల్లో మిరప దుమ్ము ఉంటుంది. దాన్ని ఇంటి బయట, గాలికి వీపు పెట్టి దులపాలి. చేతికి రబ్బరు తొడుగులు లేకుండా కడిగితే సాయంత్రం దాకా మంట తప్పదు.

థర్మాకోల్‌ను తినేసేవి

థర్మాకోల్ అంటే గాలి నింపిన పాలిస్టైరిన్. థిన్నర్, పెట్రోల్, అసిటోన్ చుక్క పడితే చక్కెర మీద వేడినీళ్లు పోసినట్టు కరిగిపోతుంది. డబ్బా స్ప్రే పెయింట్లు, చెప్పులకు రాసే రబ్బరు జిగురు, థిన్నర్ కలిపిన ఎనామిల్ అన్నీ ఈ కోవలోవే. టర్పెంటైన్ నెమ్మదిగా తింటుంది, ఆ నెమ్మదే మోసం చేస్తుంది. వేసిన రోజు బాగానే ఉంటుంది, తర్వాత కింద గుల్లవుతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది మాత్రం ఫైబర్ పనికి వాడే పాలిస్టర్ రెజిన్‌తో. పడవలకు, బాత్రూం తలుపులకు వాడేది కదా, గట్టిగా ఉంటుందని నేరుగా పూస్తారు. దాంట్లో ఉండేది స్టైరీన్. అది థర్మాకోల్‌ను నిమిషాల్లో లోపలికి కుంగదీస్తుంది. ఎపాక్సీ రెజిన్ అలా చేయదు. దుకాణంలో రెండింటినీ రెజిన్ అనే పిలుస్తారు కాబట్టి డబ్బా మీద ఎపాక్సీ అన్న మాట చూసే తీసుకోండి.

పైపులు అతికించే పీవీసీ సొల్యూషన్ కూడా థర్మాకోల్‌ను కరిగిస్తుంది. అందుకే ఎండ్ క్యాప్‌ను పైపుకు విడిగా అతికించి, ఒక రోజంతా ఆరనిచ్చాకే బొమ్మలో పెట్టాలి. కొత్తగా ఏది కొన్నా ముందు ఒక వృథా ముక్క మీద రాసి రాత్రంతా ఉంచి చూడండి. పొద్దున ఆ ముక్క చెక్కుచెదరకుండా ఉంటేనే బొమ్మ మీద వాడండి.

ఏ కాలంలో చేయాలి

తెల్ల జిగురు ఎండడం అంటే దాంట్లోని నీరు గాలిలోకి పోవడం. జూలై, ఆగస్టు ముసురులో ఆ నీరు ఎటూ పోదు, గోనె కింద రోజుల తరబడి పచ్చిగానే ఉండి బూజు వాసన కొడుతుంది. యాసంగి పంటకు కావాల్సిన బొమ్మలు నవంబరులో మొదలుపెట్టడం మేలు. గాలి పొడిగా ఉంటుంది, పంట పాలకంకికి వచ్చేలోపు తొడుగు పూర్తిగా గట్టిపడుతుంది.

చలి కూడా ఒక చిక్కే. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు చలికాలం రాత్రులు 10 డిగ్రీల కంటే కిందికి దిగుతాయి. అంత చలిలో జిగురు పొరగా అల్లుకోలేక సున్నంలా తెల్లగా, పొడిపొడిగా మిగిలిపోతుంది. జిగురు పని పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి మధ్యాహ్నం రెండింటికల్లా ముగిస్తే, చీకటి పడేలోపు మొదటి పట్టు వచ్చేస్తుంది. రాత్రికి బొమ్మను ఇంట్లోకి తెచ్చుకోండి. ఏప్రిల్, మే నెలల్లో చేస్తే నీడలోనే చేయాలి, ఎందుకో కింద వస్తుంది.

ఆకారం, పైపు

నాలుగు ముక్కలను ఒకదానిపై ఒకటి పేరుస్తాం. రెండో ముక్క, మూడో ముక్క ఎదురెదురుగా తగిలే ముఖాల మీద, అడుగు నుంచి పైకి 12 అంగుళాల పొడవున, పైపు సగం సగం ఇమిడేలా గాడి తవ్వాలి. ఒక్కో గాడి లోతు అర అంగుళం కంటే కాస్త ఎక్కువ. అతికించాక రంధ్రం చేయాలనుకుంటే వంకర పోతుంది, పూసలు చిట్లుతాయి.

పైపు మీద 80 నంబరు సాండ్ పేపర్‌తో అడ్డంగా గీతలు పడేలా రుద్దండి. నున్నని పీవీసీకి తెల్ల జిగురు పట్టదు. అరల్డైట్ రాసి, క్యాప్ ఉన్న కొస లోపలికి ఉండేలా గాడిలో పెట్టండి. ఈ క్యాప్ ఎందుకంటే, పొలంలో బొమ్మ మొత్తం సలాక కొస మీద ఆనుకుని గాలికి తిరుగుతుంది. క్యాప్ లేకపోతే సలాక థర్మాకోల్‌ను చీల్చుకుంటూ పైకి పోతుంది.

ముక్కల మధ్య జిగురు పలుచగా, చుక్కలు చుక్కలుగా కాకుండా పరచినట్టు ఉండాలి. రెండు షీట్ల మధ్య ఇరుక్కున్న నీరు ఆరడానికి ఒక రోజు చాలదు, రెండు రోజులు పడుతుంది. ఈలోపు కదలకుండా వెదురు పుల్లలు గుచ్చి, మీద ఒక ఇటుక పెట్టండి. మరీ ఎక్కువ బరువు పెడితే థర్మాకోల్ నొక్కుకుపోతుంది.

కోయడానికి రంపపు పళ్ల కత్తి, పొడవాటి కట్టర్ బ్లేడు సరిపోతాయి. వేడి తీగతో కోస్తే పని నున్నగా వస్తుంది గానీ ఆ పొగ పీల్చకూడదు, ఆరుబయటే చేయాలి. ఆకారం తెచ్చేటప్పుడు ఈకలు, గోళ్లు చెక్కే కష్టం పెట్టుకోకండి, గోనె కింద అవేవీ మిగలవు. తల గుండ్రం, మెడ దగ్గర చిన్న నొక్కు, భుజాల వాలు, తోక. దూరం నుంచి పిట్ట చూసేది ఈ ఆకారాన్నే. అంచులన్నీ కనీసం అర అంగుళం గుండ్రంగా ఉండాలి. పదునైన మూల మీద గోనె ఒంగదు, దాని కింద గాలి సొరంగం మిగులుతుంది, తొడుగు ఊడడం ఎప్పుడూ అక్కడి నుంచే మొదలవుతుంది.

చివరికి 80 నంబరుతో మొత్తం రుద్ది నిగనిగ పోగొట్టండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. దుమ్మును తడి గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. బొమ్మ ముక్కును ఎం-సీల్‌తో తర్వాత చేసుకుంటాం, ఇప్పుడు ఆ చోట ఒక చెక్క మేకు గుచ్చి అర అంగుళం బయటికి వదలండి.

మొదటి పూత

మూడు పాళ్ల జిగురుకు ఒక పాలు నీళ్లు కలిపి, పొట్టి కుచ్చు బ్రష్‌తో పూసల సందుల్లోకి దిగేలా రుద్ది పూయండి. 70 గ్రాముల జిగురు చాలు. నాలుగైదు గంటల్లో తెలుపు పోయి పారదర్శకంగా అవుతుంది. ఎక్కడైనా పూత తామరాకు మీద నీళ్లలా చిట్లి పోగైతే అక్కడ జిడ్డు ఉందన్నమాట. సాండ్ పేపర్ పెట్టి మళ్లీ పూయండి.

గోనె పరచడం

బొమ్మ ఆయుష్షు తేలేది ఈ మెట్టులోనే. ఒక పూట మొత్తం దీనికే కేటాయించండి.

గోనెను అరచేయంత ముక్కలుగా, సుమారు 4 అంగుళాల చదరాలుగా కత్తిరించండి. తల, మెడ, తోక మొదలు కోసం 2 అంగుళాల పట్టీలు కావాలి. వీటిని నేత వెంబడి కోయకుండా ఏటవాలుగా కోయండి. ఏటవాలు పట్టీ సాగుతుంది, గుండ్రటి చోట ముడత పడకుండా కూర్చుంటుంది. నేత వెంబడి కోసిన పట్టీ మెడ దగ్గర తప్పకుండా లేస్తుంది. సంచి అంచు కుట్లు, ముడులు ఉన్న భాగాలు పారేయండి.

జిగురులో పదో వంతుకు మించి నీళ్లు కలపకండి. నీళ్లు పెరిగే కొద్దీ ఎండాక పొర కుంచించుకుంటుంది, గోనెను లాగి అంచులు లేపుతుంది. ఈ మెట్టుకు దాదాపు 280 గ్రాముల జిగురు పడుతుంది. ఇంత ఎందుకని తగ్గించబోకండి. గోనె దారం పీల్చుకోగా దాని కింద కూడా జిగురు మిగలాలి.

పెంకుటింటి కప్పు గుర్తు తెచ్చుకోండి. కింది వరుస ముందు, పై వరుస దాని మీద. బొమ్మ అడుగు నుంచి మొదలుపెట్టి పైకి రావాలి, ప్రతి పై ముక్క కింది ముక్క మీద ముప్పావు అంగుళం ఎక్కాలి. అప్పుడు వాన నీరు అతుకుల మీదుగా జారిపోతుంది, లోపలికి దారి దొరకదు. తల నుంచి మొదలుపెట్టి కిందికి వస్తే ప్రతి అతుకూ నీళ్లు పట్టే జేబు అవుతుంది.

ఒక ముక్క పట్టేంత చోట జిగురు పూయండి. ముక్క పరచి, నడిమి నుంచి అంచులకు వేళ్లతో ఒత్తండి. దాని మీద మళ్లీ బ్రష్‌తో జిగురును పొడిచినట్టు వేయండి. గోనె లేత గోధుమ రంగు పోయి అంతటా తడిసిన ముదురు రంగుకు రావాలి. లేత మచ్చ కనిపిస్తే అక్కడ దారం పొడిగానే ఉంది, రేపు నీళ్లు పీల్చేది అదే. వంపుల దగ్గర ముక్కకు అంచు నుంచి అంగుళం చొప్పున కత్తెర గాట్లు పెట్టి ఒకదానిపై ఒకటి ఎక్కించండి.

పైపు బయటికి వచ్చే చోట పట్టీలను పైపు మీదికి 2 అంగుళాలు దించి చుట్టి, నూలు దారంతో బిగించి కట్టాలి. ఆ కట్టు అలాగే ఉండిపోనీ, మీద జిగురు వేసేయండి. ఈ గొంతు దగ్గర రెండు పొరలు తప్పనిసరి, మొదటిది తడిగా ఉండగానే రెండోది. మెడకు, తోక మొదలుకు కూడా రెండు పొరలు వేయండి. గద్ద బొమ్మ అయితే రెక్క ఒంటిని కలిసే చోట వెదురు బద్ద లోపల ఉండాలి, పైన రెండు పొరలు రెక్క మీదికి 3 అంగుళాలు పాకాలి. గాలి దెబ్బంతా అక్కడే పడుతుంది.

చెవుల కొమ్ములకు థర్మాకోల్ వద్దు. జిగురులో ముంచిన గోనెను మడిచి, మొనలా చుట్టి తల మీద అతికించండి. ఎండాక చెక్కలా అవుతుంది, కాకి పొడిచినా విరగదు.

ఇసుక నింపిన బకెట్‌లో పైపును గుచ్చి బొమ్మను నీడలో, గాలి ఆడే చోట పూర్తి ఒక రోజు ఆరనివ్వండి. త్వరగా ఎండాలని ఎండలో పెట్టారా, పైపొర ముందు బిగుసుకుపోతుంది, కింద ఇంకా నీరు ఉంటుంది, ఆ నీరు ఆవిరై పొరను ఉబ్బిస్తుంది. మొదటి రెండు గంటల్లో ఒకటి రెండుసార్లు వచ్చి లేచిన అంచులను వేలితో మళ్లీ నొక్కండి. గంట కాగానే ఒత్తితే అతుక్కునేది, మరునాడు ఒత్తితే విరుగుతుంది.

ఆరాక వేలి కణుపుతో బొమ్మంతా తట్టి చూడండి. పట్టిన చోట టక్‌టక్ మని గట్టి చప్పుడు, పట్టని చోట బోలు చప్పుడు. బోలుగా మోగిన చోట బ్లేడుతో గాటు పెట్టి, సిరంజితో జిగురు ఎక్కించి, పాలిథిన్ ముక్క అడ్డుపెట్టి బరువుతో నొక్కి ఉంచండి.

పొట్టు పూత

గోనె కన్నుల్లో నీళ్లు నిలవకుండా రంపపు పొట్టుతో నింపాలి. రెండు పాళ్ల జిగురుకు ఒక పాలు పొట్టు, కొలత గ్లాసుతో. 120 గ్రాముల జిగురు సరిపోతుంది. పెరుగు చట్నీ చిక్కదనంలో కలిపి, చేతి తొడుగుతో ఈక వాలిన దిక్కుకే రుద్దండి. ఈ పూత మెరుపును కూడా చంపుతుంది. ఎండకు తళతళలాడే పక్షి ఉండదు కదా.

పొట్టుకు బదులు గోడ లప్పం పెడదామని చాలామందికి తోస్తుంది. లప్పం బిరుసు సరుకు. దాని కింద థర్మాకోల్ మెత్తగా ఒత్తిడికి లొంగుతుంది, పైన లప్పం లొంగదు, జుట్టంత సన్నని పగుళ్లు వచ్చి పెచ్చులు లేస్తాయి. సుద్ద పొడి నీళ్లు పీలుస్తుంది. రెండూ వద్దు.

ఒక రోజు ఆరాక ముళ్లలా లేచిన గోనె పోగులను 120 నంబరుతో తేలిగ్గా రుద్దేయండి. ఇప్పుడు మేకు చుట్టూ ఎం-సీల్ అద్ది ముక్కు చేయండి. రెండు రంగుల ముద్దలు సమానంగా, చారలు కనిపించనంతగా కలిస్తేనే అది గట్టిపడుతుంది. పైపు గొంతు చుట్టూ కూడా ఎం-సీల్ సన్నని కట్టలా వేసి తడి వేలితో నున్నగా చేయండి.

రంగు

ఎమల్షన్ మొదటి చేతికి ఐదో వంతు నీళ్లు, రెండో చేతికి పదో వంతు. నాలుగు గంటల ఎడం. అడుగు భాగం, పైపు గొంతు మర్చిపోయేవారే ఎక్కువ, ముందు అక్కడే మొదలుపెట్టండి.

రంగు ఎంపికకూ బొమ్మ ఆయుష్షుకూ సంబంధం ఉంది. థర్మాకోల్ 70, 80 డిగ్రీల వేడికి మెత్తబడుతుంది. రామగుండం, వరంగల్ వైపు మే నెలలో గాలే 44, 45 డిగ్రీలకు పోతుంది, అలాంటి ఎండలో నల్లటి ముఖం అంతకంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. పూర్తి నలుపు పూసిన బొమ్మ వీపు కుంగడం, బుడగలు రావడం అందుకే. ఒంటికి బూడిద కలిసిన గోధుమ రంగు వేసి, నలుపును చారలకు, కంటి చుట్టుకు మాత్రమే ఉంచండి. గుడ్లగూబకు కళ్లు అంగుళంపావు వెడల్పున, నిండు పసుపులో, నడుమ నల్ల పాపతో. రొమ్ము మీద నిలువు చారలు. గద్దకు ముదురు గోధుమ ఒళ్లు, చీలిన తోక. కళ్ల మీద మాత్రం నీటి ఆధారిత క్లియర్ వార్నిష్ ఒక చుక్క వేయవచ్చు.

రంగు ఆరిన వెంటనే పొలానికి తీసుకుపోకండి. జిగురు లోపలి తేమ పోవడానికి ఇంకో వారం నీడలో ఉంచాలి. పని మొదలుపెట్టిన రోజే ఒక చిన్న థర్మాకోల్ ముక్కకు కూడా ఇదే వరుసలో అన్ని పూతలూ వేసి పెట్టుకోండి. వారం తర్వాత దాన్ని బకెట్ నీళ్లలో 24 గంటలు ముంచి, గోటితో అంచు లేపి చూడండి. కాస్త మెత్తబడి మళ్లీ ఎండితే గట్టిపడితే ఫర్వాలేదు. పొర మొత్తంగా ఊడివస్తే గోనె జిడ్డు పోలేదని గానీ, మామూలు జిగురు వాడారని గానీ అర్థం.

చేపల చెరువులో పెట్టే బొమ్మకు

నీటికాకులు, కొంగలు దిగకుండా చెరువులో తేల్చే బొమ్మకు పై పద్ధతి చాలదు. మెరైన్ జిగురు వానకు తట్టుకుంటుంది, రోజుల తరబడి నీళ్లలో మునిగి ఉండడానికి కాదు. అక్కడ ఎపాక్సీ వాడాలి. గోనెకు బదులు చదరపు మీటరుకు 200 గ్రాముల నేసిన గ్లాస్ క్లాత్ తీసుకోండి. తెగిన పోగులతో వచ్చే మ్యాట్ పాలిస్టర్ రెజిన్ కోసం తయారైనది, ఎపాక్సీతో సరిగా మెత్తబడదు.

ఈ సైజు బొమ్మకు మొత్తం 300 గ్రాముల ఎపాక్సీ కావాలి. రెజిన్, హార్డెనర్ పాళ్లు డబ్బా మీద ఎలా ఉంటే అలా, వంటింటి ఎలక్ట్రానిక్ కాటాతో తూచి కలపండి. కంటి లెక్క పనికిరాదు. హార్డెనర్ ఎక్కువ వేస్తే త్వరగా గట్టిపడుతుందన్నది తప్పు, మిగిలిన హార్డెనర్ జిగటగా ఉండిపోతుంది. ఒకేసారి 100 గ్రాములకు మించి కలపకండి. లోతు గ్లాసులో ఉంచితే తన వేడికి తానే ఉడికి పొగలు కక్కుతుంది, వెడల్పాటి పళ్లెంలో పోయండి. 25 డిగ్రీల దగ్గర అరగంట పనిచేసేది ఎండాకాలపు 40 డిగ్రీల్లో పది నిమిషాలకే చిక్కబడుతుంది, తెల్లవారుజామున చేసుకోవడం మంచిది. తేమ రోజుల్లో ఆరిన ఎపాక్సీ మీద మైనంలాంటి జిడ్డు తేలుతుంది. దాన్ని గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి, 120 నంబరుతో రుద్దాకే రంగు వేయాలి. ఎండకు ఎపాక్సీ పసుపుబారి పొడిబారుతుంది, అందుకని ఎమల్షన్ రెండు చేతులు ఇక్కడా తప్పవు. చర్మానికి తగలనివ్వకండి. ఒకసారి పడనితనం మొదలైతే తర్వాత చిన్న చుక్కకే దద్దుర్లు వస్తాయి.

పొలంలో

జామాయిల్ కట్టె గానీ వెదురు బొంగు గానీ రెండడుగులు భూమిలో పాతి, పై కొసకు సలాకను తీగతో బిగించి, బొమ్మ పైపును దాని మీద దింపండి. పైరు కంటే రెండు మూడు అడుగులు ఎత్తులో ఉండాలి. సలాకకు కాస్త గ్రీజు రాస్తే గాలికి బొమ్మ తిరుగుతుంది, కదలని బొమ్మకంటే తిరిగే బొమ్మకు పిట్ట ఎక్కువ బెదురుతుంది. బొమ్మను నేల మీద ఆనించకండి, గోనె చెదలకు మంచి మేత.

ఒకే చోట ఉంచితే నాలుగు రోజుల్లో పిట్టలు దాని తల మీదే వాలతాయి. రెండు మూడు రోజులకోసారి చోటు మార్చాలి. పాలకంకి నుంచి గింజ గట్టిపడేదాకా మాత్రమే నిలబెట్టి, ఆ తర్వాత ఇంటికి తెచ్చేయండి. మెరుపు రిబ్బన్లు, డబ్బా చప్పుడు తోడుంటే ఇంకా మేలు. పత్తి, కంది చేలల్లో పక్షుల కోసం పంగల కర్రలు పాతుకున్నవాళ్లు అక్కడ గద్ద బొమ్మ పెట్టవద్దు. పసులపోలిగాడు, పాలపిట్ట పురుగులను ఏరుకు తినేవి. వాటిని తరిమితే నష్టం మనదే.

ఏడాదికోసారి

పంట ఇంటికొచ్చాక బొమ్మను తడి గుడ్డతో తుడిచి, మళ్లీ తట్టి వినండి. కాకి ముక్కు దిగిన చోట ఊగే గోనెను కత్తిరించి, చుట్టూ అంగుళం మేర రంగును సాండ్ పేపర్‌తో గీకి, కొత్త ముక్క వేసి పొట్టు పూత పెట్టండి. రంగు మీద జిగురు పెడితే ఆ అతుకు నిలవదు, గోనె కనిపించేదాకా గీకాల్సిందే. పైపు గొంతు దగ్గర ఎం-సీల్ చీలితే ఆ రోజే మూసేయండి, నీరు దిగేది అక్కడి నుంచే. రెండేళ్లకోసారి ఎమల్షన్ ఒక చేయి.

రేకుల షెడ్డులో పైకప్పుకు దగ్గరగా దాచకండి, మేలో అక్కడి వేడికి తొడుగు లోపల థర్మాకోల్ కుంచించుకుని బోలవుతుంది. పాలిథిన్ కవరులో బిగించి కట్టినా తేమ పట్టి బూజు వస్తుంది. నీడ ఉన్న గదిలో పైపుకు తాడు కట్టి దూలానికి వేలాడదీస్తే ఎలుకలకూ అందదు. పూర్తిగా పాడైన బొమ్మను మాత్రం చెత్తతో కలిపి కాల్చకండి, థర్మాకోల్ నల్లటి పొగ ఊపిరితిత్తులకు విషం. తొడుగు చీల్చి పైపు, క్యాప్ తీసిపెట్టుకుంటే వచ్చే ఏటి బొమ్మకు అవే పనికొస్తాయి.